తిరిగి రాగలిగేలా బయలుదేరడం

వికారాబాద్ జిల్లాలోని కుల్కచర్లకు వలస కొత్త కాదు. పత్తి ఏరి, కంది కోసి, బోర్లలో నీళ్లు అడుగంటాక తండాల్లో ఇళ్లకు తాళాలు పడటం ఇక్కడి పెద్దవాళ్లు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే. పుణె, ముంబై పేర్లు మన పిల్లలకు బడిలో పటం మీద చూడకముందే ఇంట్లో తెలుస్తాయి. పక్కనే ఉన్న పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట వెళ్లిన కూలీలు దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. తెలంగాణ తన వలసల గురించి ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని చెప్పుకుంటుంది. ఆ మూడింటిలో మన వైపు బాగా తెలిసింది బొంబాయి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లకు దుబాయి దారి ఎంత అలవాటో మనకు అంత అలవాటు లేదు. వాళ్లు దెబ్బలు తిని నేర్చుకున్నవి మనం ముందే తెలుసుకుని బయలుదేరవచ్చు.

ఎందుకంటే పాత వలస నేర్పిన పద్ధతులు కొత్త వలసలో పనికిరావు. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. డబ్బు అతని చేతిలోంచి మన చేతిలోకి వస్తుంది. ఆ అడ్వాన్సు తీరేదాకా అతనికి కట్టుబడి ఉండాలి. అందులోని దోపిడీ ఎంతటిదో పాలమూరు తరాలకు తెలుసు. అయినా మరీ భరించలేకపోతే రాత్రి పుణెలో రైలెక్కిన మనిషి మర్నాటికి తాండూరు స్టేషన్‌లో దిగగలడు. విదేశీ ఉద్యోగంలో ఈ లెక్క మొత్తం తిరగబడుతుంది. డబ్బు మన చేతిలోంచి ఏజెంటు చేతిలోకి పోతుంది. పని మొదలుకాకముందే బాకీ మొదలవుతుంది. తిరిగి రావాలంటే పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, టికెట్‌కు డబ్బులుండాలి, వీసా రద్దు చేయించుకోవాలి. వీటన్నిటికన్నా ముందు, ఊళ్లో అప్పిచ్చినవాళ్ల ముఖం చూడగలగాలి.

ఈ చివరిదే అసలు సంకెల. చెప్పిన జీతం ఇవ్వకపోయినా, డ్రైవర్ పని అని తీసుకెళ్లి గొర్రెలు కాయమన్నా, ఎనిమిది మంది ఉండాల్సిన గదిలో ఇరవై మందిని పెట్టినా మనిషి నోరు మూసుకుని పడి ఉండేది ఎందుకు? యజమాని భయం కొంత. ఇంటి దగ్గర మిత్తి పెరుగుతోందన్న భయం అంతకన్నా ఎక్కువ. ‘ఇలాగైతే నేను వెళ్లిపోతాను’ అనగలిగినవాడి మాటకు అక్కడ కొంతైనా విలువ ఉంటుంది. ఆ మాట అనలేనివాడికి ఏ చట్టమూ పూర్తిగా సాయపడలేదు. అందుకే ఈ అధ్యాయంలో నేను చెప్పే ప్రతి జాగ్రత్తకూ ఒకటే కొలమానం పెట్టుకున్నాను. అది మీ తిరుగు దారిని తెరిచి ఉంచుతుందా, మూస్తుందా?

మిత్తి లెక్క

ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి. దుబాయిలో హెల్పర్ పనికి నెలకు 1,000 దిర్హాములు అన్నారనుకుందాం. దిర్హాముకు 23 రూపాయల చొప్పున 23,000 రూపాయలు. వినగానే బాగానే అనిపిస్తుంది. తిండి కంపెనీది కాకపోతే దానికి 300 దిర్హాములు, ఫోనుకూ సబ్బులకూ మందులకూ ఇంకో 70 పోతాయి. మిగిలేది 630 దిర్హాములు, అంటే సుమారు 14,500 రూపాయలు.

ఇప్పుడు రెండో వైపు రాయండి. ఏజెంటుకు, టికెట్‌కు, మెడికల్‌కు, వెళ్లేముందు ఇంటి ఖర్చులకు కలిపి రెండున్నర లక్షలు తెచ్చారనుకుందాం. నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు మిత్తే 7,500. మిగిలిన 14,500లో ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా, మొత్తం బాకీకే కట్టినా అప్పు తీరడానికి రెండేళ్లు దాటుతుంది. చాలా కంపెనీల ఒప్పందం రెండేళ్లే. అంటే మీరు రెండేళ్లు ఎండలో నిలబడి అప్పిచ్చినాయన కోసం, ఏజెంటు కోసం పని చేసి వస్తారు. ఆ రెండేళ్లూ పిల్లల ఫీజులు, అమ్మ మందులు, పొలం పెట్టుబడి ఎవరు చూస్తారు? మళ్లీ అప్పే.

అదే మనిషి లక్ష రూపాయలు మాత్రమే, నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చుంటే ఎనిమిది నెలల్లో బయటపడతాడు. 35,000తో సరిపెట్టుకోగలిగితే మూడు నెలల్లోపే. జీతం మూడు సందర్భాల్లోనూ ఒక్కటే. బతుకు మాత్రం మూడు రకాలు.

ఈ లెక్కలో ఇంకో మెలిక ఉంది. చేరిన వెంటనే జీతం రాదు. మొదటి జీతం చేతికి అందడానికి నెలన్నర, రెండు నెలలు పట్టవచ్చు. మిత్తి మాత్రం విమానం ఎక్కిన రోజుకన్నా ముందే మొదలై ఉంటుంది. కాబట్టి మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా పక్కన పెట్టకుండా బయలుదేరొద్దు. మహిళా సంఘంలో భార్య పేరున తీసిన లోను ఏజెంటుకు కట్టే ఆలోచన చాలామందికి వస్తుంది. సంఘం మిత్తి తక్కువ కాబట్టి బయటి అప్పుకన్నా అది నయమే. కానీ కిస్తీ తప్పితే నలుగురిలో నిలబడి మాట పడేది ఆమె. ఆ సంగతి ఆమెతో కూర్చుని, కిస్తీ తేదీలతో సహా మాట్లాడుకున్నాకే సంతకం పెట్టించండి.

చట్టం ప్రకారం ఖర్చు ఇంత కానే కాదు. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేవాళ్లకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న ఏజెంటు తన సేవకు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వాలి. మీరు ఆ డబ్బు బ్యాంకు ద్వారా కట్టి రుజువు దాచుకోవాలి. ‘రసీదు అడిగితే నీ పని కాదు తమ్మీ’ అన్నవాడి దగ్గర మీ పని నిజంగానే కాదు. అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఎవరి చేతిలో పాస్‌పోర్టు పెడుతున్నారు?

మన మండలాల్లో అసలు ఏజెంటు ముఖం చూసేవాళ్లు తక్కువ. మధ్యలో ఒక మనిషి ఉంటాడు. పరిగిలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఒక షాపు, లేదంటే ఒక ఫోను నంబరు. మన బంధువుకు తెలిసినవాడే, మన కులంవాడే, అప్పుడప్పుడూ మన ఊరివాడే. అతని మీద నమ్మకం పెట్టుకోవడం తప్పు కాదు కానీ చట్టం దృష్టిలో సబ్ ఏజెంటు అనే మనిషి లేనే లేడు. రేపు మోసం జరిగితే అతని పేరు మీద ఏ కాగితమూ ఉండదు. అందుకే అతన్ని ఒక ప్రశ్న అడగాలి: ‘అన్నా, నన్ను పంపేది ఏ కంపెనీ లైసెన్సు మీద? ఆ నంబరు ఇయ్యి.’ ఆ నంబరును ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో కొట్టి చూడొచ్చు. లైసెన్సు చెల్లుతోందో, రద్దయిందో అక్కడ కనిపిస్తుంది. ఊళ్లో డిగ్రీ చదివే ఏ పిల్లవాడైనా పది నిమిషాల్లో చూసిపెడతాడు.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టును ఈసీఆర్ అంటారు. గల్ఫ్ దేశాలు, మలేషియాతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఈ పాస్‌పోర్టున్నవారు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఆ కార్యాలయం ఉంది. ఇది అడ్డంకిలా కనిపిస్తుంది కానీ నిజానికి రక్షణ. మీ ఒప్పందం, జీతం, యజమాని పేరు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కే చోటు అదే. దీన్ని తప్పించడానికే ‘విజిట్ వీసా మీద పో, అక్కడికి పోయినంక మారుస్తం’ అంటారు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. పట్టుబడితే జరిమానా, జైలు మీకే.

‘ఆజాద్ వీసా’ అని ఇంకోటుంది. ఎవరో కఫీల్ (స్పాన్సర్) పేరున వీసా తీసి, మీ పని మీరు బయట వెతుక్కోమంటారు. వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది. ఏ చట్టంలోనూ అలాంటి వీసా లేదు. బయట పని చేస్తూ దొరికితే మీరు పారిపోయిన కూలీ కింద లెక్క. జగిత్యాల వైపు ‘ఖల్లివెల్లి’ అంటారే, కాగితాలు లేకుండా బతికే ఆ స్థితికి పోవడానికి ఇదే దగ్గర దారి. ఆ తర్వాత బయటపడాలంటే ఆ దేశం క్షమాభిక్ష (ఆమ్నెస్టీ) ప్రకటించేదాకా ఎదురుచూపులే. యూఏఈ 2018లో ఒకసారి, మళ్లీ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇంకోసారి ఆ అవకాశం ఇచ్చింది. మళ్లీ ఎప్పుడు ఇస్తుందో ఎవరూ చెప్పలేరు.

చదువుకున్న పిల్లలకు ఇంకో రకం వల ఉంది. థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ, కంబోడియాలో కస్టమర్ సపోర్టు, నెలకు లక్ష అని ఫోనులో మెసేజి వస్తుంది. దిగాక సరిహద్దు దాటించి మయన్మార్‌లోనో, కంబోడియాలోనో సైబర్ మోసాలు చేయించే స్థావరాల్లో బంధిస్తారు. 2025 మార్చిలో అలా చిక్కుకున్న ఐదు వందల మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. సెక్యూరిటీ పని అని నమ్మించి రష్యా యుద్ధంలోకి నెట్టిన వారిలో మన పక్క జిల్లా నారాయణపేట యువకుడూ ఉన్నాడు. ఇంటర్వ్యూ కూడా సరిగా చేయకుండా, మీ అర్హతకు మించిన జీతం చూపిస్తున్నారంటే అక్కడ కొనేది మీ పనిని కాదు.

మోసం లేని దారి కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది. హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో దాని కార్యాలయం. గల్ఫ్‌తో పాటు జర్మనీకి నర్సులను, జపాన్‌కు వృద్ధుల సంరక్షకులను భాష నేర్పించి పంపే పని అది చేస్తోంది. అక్కడ నెలల తరబడి ఆగాల్సి రావచ్చు. ఆగండి. ఆ నెలల్లో మీ మీద మిత్తి పెరగదు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటి పనికి వెళ్లాలనుకునే ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండి ఉండాలి, అదీ ఇలాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ‘వయసు మార్చి రాయిద్దాం’ అనే మనిషి ఎదురైతే, రేపు ఆమెకు ఏదైనా అయితే ఆ తప్పుడు వయసే ఆమె నోరు నొక్కుతుందని ఇంట్లో అందరికీ చెప్పండి.

పేరు, ఊపిరితిత్తులు, చేతిలో పని

పాస్‌పోర్టు కోసం ఇప్పుడు హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. వికారాబాద్ పోస్టాఫీసులోనూ, మహబూబ్‌నగర్‌లోనూ పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి. సమస్య దూరంతో రాదు, పేరుతో వస్తుంది. తండాల పిల్లలకు ఇది మరీ ఎక్కువ. బడిలో రాథోడ్ అని, ఆధార్‌లో నాయక్ అని, రేషన్ కార్డులో ఒట్టి పేరు మాత్రమే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక అక్షరం తేడా. పుట్టిన తేదీ బడిలో చేర్చిన సారు రాసిందొకటి, ఆధార్ క్యాంపులో చెప్పిందొకటి. ఇవన్నీ ఒక్కటయ్యేలా ముందే సరిచేయించుకోండి. బ్యాంకు ఖాతా, బీమా నామినీ, పట్టాదారు పాసుపుస్తకం అన్నింటిలో పేరు ఒక్కలా ఉంటే రేపు మీ భార్యకు తిరుగుడు తప్పుతుంది. పదో తరగతి మధ్యలో ఆపేసినవాళ్లకు నా గట్టి సలహా ఓపెన్ స్కూలులో పది పూర్తి చేయమని. ఒక ఏడాది ఆలస్యమవుతుందని బాధపడకండి. ఆ మెమోతో పాస్‌పోర్టు మారుతుంది, మీకు దొరికే పని కూడా మారే అవకాశం ఉంది.

మెడికల్ సంగతి మన జిల్లాకు ప్రత్యేకం. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారికి గుర్తింపు పొందిన కేంద్రాల్లో పరీక్షలు చేస్తారు. రక్తంతో పాటు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. టీబీ ఎప్పుడో వచ్చి మానిపోయినా ఊపిరితిత్తిలో మచ్చ మిగిలి ఉంటే అన్‌ఫిట్ అంటారు. అనంతగిరి కొండ మీది టీబీ ఆసుపత్రి పేరు మనలో తెలియనివారు లేరు. ఎన్నో కుటుంబాల్లో ఆ జబ్బు ఒకప్పుడు వచ్చిపోయింది. తాండూరు గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో ఏళ్ల తరబడి రాతి పొడి పీల్చినవారి ఎక్స్‌రేలు కూడా శుభ్రంగా ఉంటాయన్న నమ్మకం లేదు. కాబట్టి ఏజెంటుకు రూపాయి ఇవ్వకముందే ప్రభుత్వాసుపత్రిలో ఒక ఎక్స్‌రే, షుగరు, బీపీ, హెపటైటిస్ పరీక్షలు చేయించుకోండి. అప్పు చేశాక అన్‌ఫిట్ అయితే ఏజెంటు డబ్బు తిరిగి ఇవ్వడు. ముందే తెలిస్తే అదే వైద్యానికి తొలి అడుగు అవుతుంది.

తాండూరు రాయి మీద చేయి తిరిగిన మనిషి గల్ఫ్‌కు హెల్పర్‌గా పోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. బండ కోయడం, పరచడం, మట్టం చూడటం, సందు కనిపించకుండా అతకడం వచ్చినవాడు అక్కడ టైల్ మేసన్. హెల్పర్‌కన్నా అతని జీతం బాగా ఎక్కువ. తేడా చేతిలో లేదు, కాగితంలో ఉంది. హైదరాబాద్ మాదాపూర్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ 1998 నుంచి తాపీ, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనుల్లో శిక్షణ ఇస్తోంది. వచ్చిన పనికే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే కేంద్ర పథకాలూ ఉన్నాయి. సౌదీ అయితే చాలా వృత్తులకు ఇక్కడే నైపుణ్య పరీక్ష పెట్టి పాసైతేనే వీసా ఇస్తోంది. వెళ్లేముందు మూడు నెలలు దీనికి పెట్టండి. హిందీ కొంత మాట్లాడగలిగితే చాలా పని జరుగుతుంది. పుణె వలస ఆ ఒక్క మేలు మనకు చేసి పెట్టింది.

ఒప్పందంలో వెతకాల్సినవి

ఒప్పందం కాగితం చేతికొస్తే జీతం అంకె చూసి మడిచి జేబులో పెట్టుకోవద్దు. వృత్తి పేరు ముందు చూడండి. సౌదీ 2021 మార్చిలో కార్మిక సంస్కరణలు తెచ్చి, ఉద్యోగం మారడానికి, దేశం విడిచి రావడానికి కొంత వెసులుబాటు ఇచ్చింది. కానీ ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, తోటమాలులు, గొర్రెల కాపర్లు ఆ వెసులుబాటు పరిధిలోకి రారు. మీకు చెప్పింది కంపెనీ డ్రైవర్ పని, కాగితంలో ఉన్నది ఇంటి డ్రైవర్ అయితే మీరు వేరే చట్టం కిందికి పోతున్నారు. తిరుగు దారి అక్కడే సగం మూసుకుంటుంది.

తర్వాత బేసిక్ జీతం. 1,000 దిర్హాముల్లో బేసిక్ 600, మిగతాది అలవెన్సు అని రాస్తారు. నెలనెలా తేడా కనిపించదు. యూఏఈలో పని వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్కగడతారు. బేసిక్ 1,000 అయితే ఏడాదికి 700 దిర్హాములు, 600 అయితే 420. ఓవర్‌టైము కూడా బేసిక్ మీదే. పని గంటలు, వారపు సెలవు, తిండి, గది, వచ్చిపోయే టికెట్ ఎవరిదన్నది కూడా అందులో ఉండాలి. మీకు తెలిసిన భాషలో చదివించుకోండి, ఫోటో తీసి ఇంట్లో ఉంచండి. అక్కడ దిగాక ఇంకో కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే ఇంట్లో ఉన్న ఫోటోయే మీ సాక్ష్యం.

ఎండ గురించి ఒక మాట. మన వైపు మే నెల ఎండ తెలిసినవాళ్లమే అయినా సముద్రపు తేమతో కలిసిన ఆ ఎండ వేరు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట పని చేయించకూడదు. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం పది నుంచి మూడున్నర వరకు. ఇది మీ హక్కని తెలిసి వెళ్లండి. తొలి వేసవిలో దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండండి. గల్ఫ్ నుంచి శవపేటికల్లో వచ్చినవారిలో గుండె ఆగిపోయిన వయసు మీరని మగవాళ్లు ఎందరో ఉన్నారు.

ఇక్కడే బీమా మాట. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా పది లక్షలు. అయితే గుండెపోటు లాంటి సహజ మరణానికి ఆ పది లక్షలు రావు. అందుకే విడిగా ఒక టర్మ్ పాలసీ తీసుకోమంటాను. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల సాయం ప్రకటించింది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటర్ కూడా ఆ నెలలోనే తెరిచారు. ఈ సంగతి మీకన్నా మీ ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండటం ముఖ్యం.

ఇంట్లో జరగాల్సిన మాట

ఏజెంటుతో వంద సార్లు మాట్లాడేవాళ్లు భార్యతో ఒక్కసారి కూడా పూర్తిగా మాట్లాడరు. ‘నేను పంపుతా, నువ్వు చూసుకో’ అంటే సరిపోదు. ఆమె పేరున సొంత ఖాతా ఉండాలి, ఏటీఎం కార్డు ఆమె చేతిలోనే ఉండాలి. పంపే డబ్బు తమ్ముడి ఖాతాకో, నాన్న ఖాతాకో పోతే ఇంట్లో ఆమె ప్రతి రూపాయికీ చేయి చాచాల్సి వస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ఇది సున్నితమైన విషయం. అందుకే మీరు ఉండగానే, నాన్న ఎదుటే తేల్చాలి: ‘బాకీకి ఇంత, ఇంటికి ఇంత, మీ ఇద్దరి మందులకు ఇంత. లెక్క ఆమె రాస్తది నాన్నా.’ మీరు వెళ్లాక ఫోనులో చెబితే అది ఆమె చెప్పించినట్టు అవుతుంది, నింద ఆమె మీదకు పోతుంది.

మొదటి ఏడాది డబ్బుతో రెండు పనులు చేయవద్దని అడుగుతాను. కొత్త బోరు వేయొద్దు. ఇంటి మీద అంతస్తు లేపొద్దు. బోరులో నీళ్లు పడతాయో లేదో ఎవరూ చెప్పలేరు, కుల్కచర్ల భూముల్లో ఎండిన బోర్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఇల్లు ఊరికి కనిపిస్తుంది, అప్పు కనిపించదు. అందుకే ముందు ఇల్లు కట్టాలనిపిస్తుంది. బాకీ తీరిన రోజు మీరు అక్కడ స్వేచ్ఛగా నిలబడగలుగుతారు. ఆ రోజు ఎంత తొందరగా వస్తే అంత మంచిది.

భూమి కాగితాలు వెళ్లేముందే చూసుకోండి. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పాసుపుస్తకంలో విస్తీర్ణం, సర్వే నంబరు, పేరు సరిగా ఉన్నాయో లేదో మీరుండగా తేల్చుకోవడం సులువు. తప్పులున్నా ఫరవాలేదు, మా అన్న చూసుకుంటాడు అని జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి పోకండి. అన్న మంచివాడే కావచ్చు. ఆ కాగితం అన్న చేతిలోంచి ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు.

ఇంకో మాట అడగడానికి ఎవరికీ నోరు రాదు. మీరు లేనప్పుడు అమ్మానాన్నల్లో ఎవరైనా పోతే ఏం చేయాలి? సెలవు దొరకకపోవచ్చు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండవచ్చు, టికెట్ ఖరీదు రెండు నెలల జీతం కావచ్చు. కొడుకు వచ్చేదాకా ఆగుతారా, తమ్ముడి చేత కార్యం చేయిస్తారా? ఈ మాట వెళ్లేముందు నాన్నతోనే మాట్లాడినవాళ్లు ఉన్నారు. కష్టంగానే ఉంటుంది. కానీ పెద్దవాళ్లు మనం అనుకున్నదానికన్నా గట్టివాళ్లు. ‘నువ్వు రాలేకపోతే బాధపడకు బిడ్డా’ అన్న మాట తండ్రి నోట బతికుండగానే విన్నవాడు, ఆ దుర్వార్త విన్న రాత్రి లేబర్ క్యాంపులో కుప్పకూలిపోడు. పిల్లలకు కూడా ‘తొందరగా వస్తా’ అనకండి. ఎన్ని దసరాలు అయ్యాక వస్తారో చెప్పండి. వాళ్లు లెక్కపెట్టుకోగలరు.

మొదటి మూడు నెలలు మనసుకు కుదురు ఉండదు. నిద్ర పట్టదు, తిండి సయించదు, వచ్చి తప్పు చేశాననిపిస్తుంది. అది దాదాపు అందరికీ జరిగేదే. ఆ రోజుల్లో మందుకు దూరంగా ఉండండి, చిట్టీలకు, పేకాటకు దూరంగా ఉండండి. గదిలో ఒక్క మనిషితోనైనా నిజం మాట్లాడండి. ఇంటికి ఫోను చేసి అంతా బాగుందని ప్రతిరోజూ అబద్ధం చెబితే, నిజంగా కష్టమొచ్చిన రోజు చెప్పుకోవడానికి చోటు మిగలదు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. అమ్మ కట్టిచ్చే మసాలాలో గసగసాలు లేకుండా చూడండి. మనకు అది వంట దినుసు, యూఏఈ, సౌదీల్లో అది మత్తు పదార్థాల చట్టం కింద కేసు. గుట్కా, ఖైనీ వద్దు. నొప్పి మాత్రలు డాక్టరు చీటీ లేకుండా తీసుకెళ్లొద్దు. విమానాశ్రయంలో, ఊళ్లో ఎవరైనా ‘మా తమ్మునికి ఈ పచ్చడి డబ్బా ఇయ్యి’ అంటే, ఎంత దగ్గరివాళ్లైనా మీ ఎదుటే విప్పి చూడకుండా సంచిలో పెట్టకండి.

ఇంట్లో ఒక కాగితం రాసి గోడకు అంటించి వెళ్లండి. అందులో మీ పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, కంపెనీ పేరు, ఊరు, ఏజెంటు లైసెన్సు నంబరు, కట్టిన డబ్బు, బీమా పాలసీ నంబరు ఉండాలి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090 రాయండి. యూఏఈకి వెళితే అక్కడినుంచి పిలవాల్సిన 800 46342 మీ ఫోనులో వేసుకోండి. కష్టాల్లో ఉన్నవారి టికెట్, చికిత్స, న్యాయ సహాయం కోసం 2009లో మొదలైన సంక్షేమ నిధి ఇప్పుడు ప్రతి భారత రాయబార కార్యాలయంలో ఉంది. 2015లో వచ్చిన మదద్ పోర్టల్‌లో ఇంటి దగ్గరినుంచే ఫిర్యాదు వేయొచ్చు. ఇవన్నీ ఎలా వాడాలో ఇంట్లో చదువుకున్న ఒకరికి ఒకసారి చేసి చూపించండి.

చివరి వారంలో ఫోను వస్తుంది. ‘టికెట్ అయింది, రేపు రాత్రి ఫ్లైటు, శంషాబాద్ వచ్చెయ్యి, కాగితాలు ఎయిర్‌పోర్టులో ఇస్తా, మిగిలిన డబ్బులు పట్టుకొని రా’ అంటారు. ఊళ్లో అందరికీ చెప్పుకున్నారు, దావతు అయిపోయింది, పెట్టె సర్దేశారు. ఆ క్షణంలో కాదనడం చాలా కష్టం. వీసా వచ్చాక ప్రయాణానికి సాధారణంగా వారాల గడువు ఉంటుంది. తొందర ఏజెంటుదే, మీది కాదు. ‘ఒప్పందం ఈరోజే ఫోనుకు పంపు అన్నా, చదివించుకొని రేపు చెప్తా’ అనండి. పంపకపోతే ఆ విమానం మీరు లేకుండా వెళ్లనివ్వండి.